అమెరికాలో పాత తెలుగు పాటలు కాపీ చేసి అమ్మితే ఏమవుతుంది?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి పాత కాసెట్లలో పాటల్ని పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, కాలిఫోర్నియాలో మీ ఊళ్ళో జరిగే ఉగాది వేడుకల్లో స్టాల్ పెట్టి అమ్ముదామనుకుంటున్నారు. 50లు, 60ల నాటి పాటలు, ఇప్పుడెవరు పట్టించుకుంటారని ఫ్రెండ్స్ ధైర్యం చెబుతున్నారు. అమ్మొద్దండీ. కాపీరైట్ సంగతి అలా ఉంచండి, దానికన్నా ముందు రాష్ట్ర చట్టమే పట్టుకుంటుంది.

ఎంఎస్ చదివే రోజుల్లో కాలిఫోర్నియాలోనే బే ఏరియాలో ఒక ఇండియన్ గ్రాసరీ షాపులో సాయంత్రాలు కౌంటర్లో పనిచేసేవాణ్ణి. కరివేపాకు కట్టల పక్కనే సీడీల రాక్ ఉండేది. సగం సీడీలు వెనక్కి తిప్పి చూస్తే నీలంగానో ఆకుపచ్చగానో మెరిసేవి, అంటే ఎవరో కంప్యూటర్లో కాపీ కొట్టినవే. కవర్లు ఇంట్లో ప్రింటర్ మీద తీసినవి, కొత్తిమీర సర్దిన తడి చేత్తో పట్టుకుంటే హీరో మొహం వేలికి అంటుకునేది. ఒకరోజు మామూలు బట్టల్లో ఇద్దరు వచ్చి బ్యాడ్జీ చూపించారు. సినిమా పేరేంటి, పాటలెవరివి అని ఒక్క ముక్క అడగలేదు. ఒక్కో కవరు తిప్పి, వెనకాల అడుగున ఏం రాసుందో చూసుకుంటూ పోయారు. కొన్నిటి మీద ఏమీ లేదు, కొన్నిటి మీద ఉత్త 'హైదరాబాద్' అని ఉంది. అడిగిన ప్రశ్న ఒక్కటే: "వీటిని తయారుచేసింది ఎవరు?" డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నాను, బిల్లుంది అని మా ఓనర్ గారు మొత్తుకున్నారు గానీ అట్టపెట్టెలు బయటికి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత లాయరు ఫీజులూ జరిమానా కట్టాక రాక్ ఉన్న చోట బియ్యం బస్తాలు పెట్టించారు.

ఆ ప్రశ్న ఎందుకడిగారో తర్వాత చదివితే తెలిసింది. కాలిఫోర్నియా పీనల్ కోడ్‌లో, అంటే ఆ రాష్ట్ర నేరాల చట్టంలో, 653డబ్ల్యూ అనే సెక్షన్ ఉంది. లాభం కోసం రికార్డింగులు అమ్మేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు, అమ్మడానికి దగ్గర పెట్టుకున్నవాళ్ళు, వాటి కవరు మీద తయారీదారు అసలు పేరు, అడ్రసు, ఇంకా కళాకారుడి పేరు స్పష్టంగా లేవని తెలిసీ ఆ పని చేస్తే నేరం. వందకి తక్కువైతే ఏడాది దాకా జైలు, 50,000 డాలర్ల దాకా జరిమానా. వంద గానీ అంతకు మించి గానీ ఉంటే జైలు ఐదేళ్ళ దాకా, జరిమానా 5 లక్షల డాలర్ల దాకా వెళ్ళొచ్చు. పెన్‌డ్రైవ్ రాదేమో అనుకోకండి, రికార్డింగ్ అంటే ఏమిటో చెప్పేచోట ఫ్లాష్ డ్రైవ్ అని విడిగా రాశారు. ఇలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇందులో కిటుకేంటంటే హక్కుదారు వచ్చి ఫిర్యాదు చేయక్కర్లేదు, పాట ఎవరిదో ప్రాసిక్యూటర్ నిరూపించక్కర్లేదు. కవరు మీద ఆ వివరాలు లేవని, అది తెలిసే అమ్మారని చూపిస్తే చాలు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న మ్యూజిక్ కంపెనీకి మీ స్టాల్ గురించి తెలియకపోవచ్చు, దాంతో ఇక్కడి పోలీసుకి పనిలేదు.

మరి మన పేరూ అడ్రసూ మనమే వేసుకుంటే? ఈ సెక్షన్ నుంచి బయటపడొచ్చేమో గానీ, కాపీరైట్ నోటీసు ఎక్కడికి పంపాలో మీరే ప్రింటు వేసి పంచినట్టవుతుంది!

ఇక 'పాత పాటలకి హక్కుల్లేవు' అనే మాట. ఇది ఊరికే పుట్టలేదు. 1972 ఫిబ్రవరి 15కి ముందు చేసిన రికార్డింగులకి అమెరికా ఫెడరల్ చట్టంలో కాపీరైట్ ఉండేది కాదు, వాటి బాగోగులు రాష్ట్రాలే చూసుకునేవి. టేపులు కాపీ కొట్టి అమ్మిన కేసులో కాలిఫోర్నియాకి అలాంటి చట్టం చేసుకునే అధికారం ఉందని 1973లో సుప్రీం కోర్టు 5-4తో చెప్పింది. 2018లో మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వచ్చాక ఆ పాత రికార్డింగులకి కూడా ఫెడరల్ రక్షణ దొరికింది. పైగా మన పాటల సంగతి వేరు. అప్పటికి సొంత దేశంలో ఇంకా హక్కులున్న విదేశీ రికార్డింగులకి 1996 జనవరి 1 నుంచే ఇక్కడ కాపీరైట్ ఇచ్చారు. అందుకే ఆ తర్వాత ఇండియాలో 60 ఏళ్ళు నిండి రికార్డింగు మీద హక్కు పోయిన పాటకి కూడా ఇక్కడ విడుదల నుంచి 95 ఏళ్ళ లెక్క నడుస్తూనే ఉంటుంది. సాహిత్యం, బాణీల హక్కులు మళ్ళీ వేరు.

ధర అనకుండా 'డొనేషన్ 5 డాలర్లు' అని బోర్డు పెడదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నేనైతే దాన్ని నమ్ముకోను. మీరు హెచ్-1బి మీద ఉంటే అసలే వద్దు. కేసు కొట్టేసినా సరే, వీసా ఫారంలో, గ్రీన్ కార్డ్ ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న గడి ఉంటుంది. స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ టెన్షన్ ఎవరు పడతారు?

మీ చేతిలో ఉన్న మంచి దారి వేరే ఉంది. కాపీలు కాదు, ఆ కాసెట్లనే అమ్మండి. న్యాయంగా తయారైన కాపీని కొన్నవాళ్ళు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు. విదేశాల్లో తయారైనవాటికీ ఇదే వర్తిస్తుందని 2013లో సుప్రీం కోర్టు తేల్చింది. కాకపోతే స్టాల్‌కి తీసుకెళ్ళే ముందు ఒక్కో డబ్బా తెరిచి చూడండి. లోపలి కాగితం మీద కంపెనీ పేరు, అడ్రసు, కళాకారుల పేర్లు అచ్చయి ఉన్నవే అమ్మకానికి తీసుకోండి. మనవాళ్ళు ఖాళీ కాసెట్ కొని, చీటీ మీద పాటల లిస్టు రాసిచ్చి, బజార్లో రికార్డింగ్ షాపులో నింపించుకునేవారు కదా, నాన్నగారి పెట్టెలో అవి తప్పకుండా ఉంటాయి. వాటిని మాత్రం అమ్మకానికి పెట్టకండి.