పదహారు రోజుల డబ్బు, మూడేళ్ల అప్పు

ప్రశ్న (కుదించినది): మేడమ్, నాకు 31 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. చేతికి 42,000 వస్తుంది. గోపాలపట్నంలో అద్దె ఇల్లు. అమ్మ, భార్య, మూడేళ్ల బాబు ఉన్నారు. నాలుగేళ్లుగా కస్టమ్ యాక్షన్ ఫిగర్లు, అంటే చేతులూ కాళ్లూ కదిలే బొమ్మలు, చేస్తున్నాను. పాత ఫిగర్లు కొని, తలలూ చేతులూ మార్చి, ఎం-సీల్‌తో ముఖాలు మలిచి రంగులు వేస్తాను. 14 నెలల్లో 11 బొమ్మలు అమ్మాను, ఒక్కోటి 3,000కి. ఇప్పుడు రెజిన్ త్రీడీ ప్రింటర్, ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, గదికి ఏసీ కొనాలనుంది. అన్నీ కలిపి రెండు లక్షలవుతుంది. ఒక యాప్‌లో నెలకు 1.5 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అయిదు నిమిషాల్లో అప్రూవ్ అయింది. ఈఎంఐ 8,556. నెలకు ఆరు బొమ్మలు అమ్మినా 18,000 వస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ఈ లోన్ తీసుకోనా, ఇంట్లో బంగారం పెట్టి గోల్డ్ లోన్ తీసుకోనా, లేక రెండు లక్షల చీటీ పాడేయనా? కంపెనీలో షిఫ్టులు తగ్గిస్తారని అనుకుంటున్నారు, అందుకే రెండో ఆదాయం ఉంటే మంచిదని నా ఉద్దేశం. సేవింగ్స్‌లో 18,000 ఉన్నాయి.

జవాబు: ముందు మీ బొమ్మ గురించి రెండు మాటలు. మీరు పంపిన ఫొటోలో ఉన్న జాలరి బొమ్మను చాలాసేపు చూశాను. ఆరంగుళాల సైనికుడి చేతిలో తుపాకీ తీసేసి, బూట్లు కోసేసి, ఎం-సీల్‌తో ఉత్తి పాదాలు చేశారు. చేతిరుమాలు ముక్కను జిగురులో ముంచి లుంగీ కట్టారు. భుజం మీద దోమతెర ముక్కతో వల వేశారు. ఆ లుంగీ పైకి మడిచి కట్టిన తీరు తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్‌లో కనిపించేదే. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అప్పటికి ఆ ఊరు మన విశాఖ జిల్లాలోనే ఉంది. ఇంత వయసొచ్చి బొమ్మలేంటి అనే మాట నా నోట రాదు.

ఇక డబ్బు సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకెను చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. సేవింగ్స్‌లో 18,000. ఈ ఉత్తరం ఎంచుకున్నది అందుకే. నెలకు ఇలాంటివి పది వస్తాయి. కొందరికి కెమెరా, కొందరికి కేక్ ఓవెన్, మీకు ప్రింటర్. అందరూ 'ఏ లోన్ మంచిది' అని అడుగుతారు. జీతం ఆగితే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో ఒక్కరూ రాయరు.

మీరు పంపిన ఖర్చుల చిట్టా నుంచి నేనే లెక్క వేశాను. అద్దె 11,000, కిరాణా కూరలు 9,000, బైక్ ఈఎంఐ 3,900, అమ్మగారి మందులు 2,200, పాలు గ్యాస్ కరెంటు ఫోన్లు 5,000, బాబు ప్లే స్కూల్ 2,500. మొత్తం 33,600. మీ 18,000 దీనికి పదహారు రోజులు వస్తుంది. షిఫ్టులు తగ్గిస్తారనే మాట నిజమైతే పదిహేడో రోజున ఏం చేస్తారు? ఆ పదిహేడో రోజుకి నెలకు 8,556 కట్టాల్సిన బాధ్యతను కూడా తగిలించుకుంటానంటున్నారు. పైగా అందుకు కారణం ఉద్యోగం మీద అనుమానమట! ఉద్యోగం మీద అనుమానం ఉన్నవాళ్లు చేయాల్సిన ఆఖరి పని కొత్త అప్పు.

ఇందులో నేనేమీ గొప్పదాన్ని కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి, మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. పర్సులో మాత్రం ఏడు వందలు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. మా వీధి చివర కొట్టాయన పాలప్యాకెట్లు అప్పు మీద ఇచ్చి నోటుబుక్కులో నా పేరు రాసుకున్నాడు. ఊళ్లో వాళ్లకు పొదుపు గురించి పాఠాలు చెప్పే మనిషిని, పాల కోసం ఖాతా పెట్టించుకున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక కవర్లో పదివేలు ఉంటాయి. మా పిల్లలు దాన్ని 'తుఫాను కవరు' అంటారు.

యాప్ వాళ్ల 1.5 శాతం దగ్గరికి వద్దాం, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పడుతున్నారు. మన ఊళ్లలో నూటికి రూపాయిన్నర వడ్డీ అంటే మిగిలిన అసలు మీద రూపాయిన్నర. సగం తీర్చేస్తే వడ్డీ కూడా సగమవుతుంది. మీరూ అదే అనుకున్నారు. మీ ఈఎంఐ అలా చెప్పడం లేదు. 8,556ని 36తో హెచ్చవేయండి, 3,08,000 పైన వస్తుంది. అంటే లక్షా ఎనిమిది వేలు వడ్డీ. మూడో ఏడు చివర ఇంకా ఎనిమిది వేలో పదో బాకీ ఉన్నప్పుడు కూడా రెండు లక్షల మీదే వడ్డీ లెక్కగట్టారు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. పైగా మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం ఉన్నాయి. అంటే ముందే 7,080 కోసుకుని మీ చేతిలో పెట్టేది 1,92,920. ఇవన్నీ కలిపితే అసలు వడ్డీ ఏడాదికి 33 శాతం. నూటికి రూపాయిన్నర కాదు బాబూ, రెండుముప్పావు పైమాటే! కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇస్తారు, అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాది వడ్డీ) అనే గడిలో ఈ అంకె ఉండాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది. ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉన్నది చదివారు, గడిలో ఉన్నది చదవలేదు.

ఇదే రెండు లక్షలు 16 శాతానికి మామూలు పర్సనల్ లోన్‌గా తీసుకుంటే ఈఎంఐ 7,031, వడ్డీ 53,000. దాదాపు సగం. అలాగని అది తీసుకోమని చెప్పడం లేదు. జీతంలో 33,600 ఖర్చులకూ, నెలనెలా కట్టే 5,000 చీటీకీ పోగా మీకు మిగిలేది 3,400. అందులోంచి ఏడు వేలెలా కడతారు?

బొమ్మలు అమ్మి కడతానంటారు. ఆ లెక్క కూడా చూద్దాం. 3,000కి అమ్మే బొమ్మకు పాత ఫిగర్ 1,400. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచాక కొత్తవాటి జోలికి వెళ్లడం లేదని మీరే రాశారు, మంచి పని. రంగులు, పుట్టీ, వార్నిష్ 350. కొరియర్, ప్యాకింగ్ 150. మిగిలేది 1,100. ఈఎంఐకి సరిపోవాలంటే నెలకు ఎనిమిది బొమ్మలు అమ్మాలి. ఒక్కోదానికి ముప్పై గంటలు పడుతుందన్నారు. ఎనిమిదికి 240 గంటలు, అంటే ఆదివారాలతో సహా రోజూ ఎనిమిది గంటలు, పరవాడ షిఫ్టు చేసి వచ్చాక. మీరు 14 నెలల్లో అమ్మినవి 11.

ప్రింటర్ వస్తే పని త్వరగా అవుతుందనే మాట కొంతవరకే నిజం. అది తలను ముద్రించి ఇస్తుంది. ఆ తలను కడిగి, యూవీ వెలుతురులో గట్టిపరిచి, ముద్రణలో ఆసరాగా వచ్చే సపోర్టు పుల్లల మచ్చలు గీకి, ప్రైమర్ వేసి, కనుబొమ్మలు గీయాల్సింది మీ చెయ్యే. పుణె నుంచి వెనక్కి వచ్చిన బొమ్మ సంగతి చూడండి. చేయి వంచగానే మోచేతి కీలు దగ్గర రంగు లేచిపోయిందన్నారు కదా. ఇదే హాబీ ఉన్న మా మేనల్లుడిని అడిగాను. రంగు వేసే ముందు కీలు విప్పి, రాసుకునే చోట సాండ్‌పేపర్‌తో కాస్త అరగదీసి, అక్కడ పలచని పూత వేయాలట. సాండ్‌పేపర్ ఖరీదు ఇరవై రూపాయలు. ఏసీ కథా అంతే. వర్షాకాలంలో స్ప్రే వార్నిష్ తెల్లగా మంచు పట్టినట్టవుతోందని ఏసీ అడుగుతున్నారు. సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఉంటుంది. బ్రష్‌తో వేసే మ్యాట్ వార్నిష్ వాడితే ఆ గొడవ చాలావరకు ఉండదు. తలలు కావాలంటే త్రీడీ ప్రింటింగ్ జాబ్‌వర్క్ చేసేవాళ్లకు ఇవ్వండి, ముక్కకింతని తీసుకుంటారు. ఆర్డరు లేని నెలలో మీకు ఖర్చూ ఉండదు.

బంగారం జోలికి వెళ్లొద్దు. వడ్డీ తక్కువే, కానీ అమ్మగారికి అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం పడితే మీకు మిగిలిన ఒకే ఒక్క ఆధారం అది. చీటీ కూడా ఇప్పుడు పాడకండి. 22 నెలలు కట్టారు, ఇంకా 18 ఉన్నాయి. మధ్యలో తొందరపడి పాడితే తగ్గేది మీ డబ్బే. అవసరానికి చీటీ ఉందిలే అనే ధీమా కూడా వద్దు. పాట మీకే దక్కాలి, దక్కాక జామీన్లు తేవాలి, ఆసుపత్రి కౌంటర్ అంతవరకూ ఆగదు. ఆ చీటీ రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి.

నా సలహా ఇది. నాలుగు నెలల ఖర్చు, అంటే 1,34,000, పక్కన చేరేదాకా ఏ అప్పూ వద్దు. ఇప్పుడున్న 18,000లో పదివేలు ఇంట్లో కవర్లో పెట్టండి. నెలనెలా మిగిలే 3,400ని జీతం పడిన రోజే వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దానికి ఫోన్‌లో యూపీఐ పెట్టుకోకండి, ఏటీఎం కార్డు ఇంటావిడ దగ్గర ఉంచండి. అయిదు నెలల్లో బైక్ ఈఎంఐ అయిపోతుంది. ఆ 3,900 చేతికి తగిలిందని సంబరపడేలోపే ఇందులో కలపండి, నెలకు 7,300 అవుతుంది. అలా 18 నెలలకు 1,30,000 దగ్గరికి వస్తారు. బొమ్మల లాభం అదనం. సరిగ్గా అప్పటికే చీటీ కూడా పూర్తవుతుంది. కమీషన్ పోగా వచ్చిన ఆ డబ్బుతో ప్రింటర్ నగదుకి కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను.

ఒక్క షరతు మాత్రం ఉంది. బాబు పడుకునే గదిలో పెట్టకండి. ప్రింటర్‌లో పోసే ద్రవం, అంటే గట్టిపడని రెజిన్, చర్మానికి పడదు, వాసన మంచిది కాదు. కడగడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. గ్లోవ్స్, గాలాడే వరండా, తాళం వేసే అల్మారా ఉంటేనే మొదలుపెట్టండి.

మిగతావి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన మూడు లక్షల హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది, అందులో అమ్మగారు లేరు కూడా. సొంత పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రేపే పెట్టించండి. టర్మ్ పాలసీ ఈ ఏడాదిలోనే. సిప్, ముద్ర లోన్ లాంటివన్నీ ఆ నాలుగు నెలల ఖర్చు పక్కన చేరాక మాట్లాడుకుందాం. అమ్మకానికి సినిమా హీరోల బొమ్మలు చేయకండి, కాపీరైట్ తలనొప్పి. జాలరి లాంటివి మీ సొంతం, అవే చేయండి.

యాప్‌లో చివరి ఓటీపీ ఇంకా కొట్టలేదనే అనుకుంటున్నాను. కొట్టకండి. ఈలోగా డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే ముట్టుకోకండి. ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని లోన్ వదులుకునే గడువు, ఎన్ని రోజులో చూసి, ఆలోపే అసలూ ఆ రోజుల వడ్డీ తిరిగి కట్టేయండి, దానికి పెనాల్టీ ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోయింది.