ఫార్మసీ చదివిన అమ్మాయిలు సొంత మెడికల్ షాపు ఎందుకు పెట్టరు?

ఆడపిల్లలకు వ్యాపారం మీద ఆసక్తి తక్కువన్న ఊహ ఈ ప్రశ్నలోనే ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. నాతో బి.ఫార్మసీ చదివిన అమ్మాయిల్లో సొంత షాపు మాట ఎత్తనివారు అరుదు. చదువయ్యాక కొందరు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగాల్లో చేరారు, కొందరు పెళ్లయి ఇంటిపట్టున ఉన్నారు. వారిలో చాలామంది ఫార్మసిస్టు సర్టిఫికెట్లు (షాపు లైసెన్సుకు ఇవి కావాలి) మాత్రం నెలకింతని అద్దెకు తీసుకున్న మగవారి షాపుల గోడలకు వేలాడుతున్నాయి. ఇది చట్టవిరుద్ధమని తెలియనివారు ఈ రంగంలో లేరు.

గుంటూరు జిల్లాలో నేను షాపు పెట్టినప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి టేపు పట్టి, స్థలం 10 చదరపు మీటర్లకు తగ్గలేదని తేల్చుకుని, ఫ్రిజ్ బిల్లు, అద్దె ఒప్పందం చూసి, చివరకు నా రిజిస్ట్రేషన్ పత్రం చేతిలోకి తీసుకున్నారు. "సర్టిఫికెట్ మీది, సరేనమ్మా. షాపు ఎవరిది?" అన్నారు. నాదేనని చెప్పాను. ఆయన నమ్మలేదు, మందుల పెట్టెలు మోయడానికి వచ్చిన మా తమ్ముడి వైపు తిరిగి, "ఓనరువి నువ్వేనా బాబూ?" అని అడిగారు. వాడప్పుడు ఇంటర్ చదువుతున్నాడు!

రాత్రి పదింటిదాకా ఆడపిల్ల షాపులో ఎలా కూర్చుంటుందని బంధువులు అడుగుతారు. అదే ఊరి ఆసుపత్రుల్లో నర్సులు తెల్లవార్లూ పనిచేస్తున్నా ఆ ప్రశ్న ఎవరికీ తోచదు.

అసలు చిక్కు హోల్‌సేలరు దగ్గర అరువు. పక్క షాపు ఆయనకు మూడు వారాల గడువిచ్చే హోల్‌సేలరు నన్ను మొదటి ఏడాదంతా రొక్కమే అడిగారు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం షెడ్యూలు మందులపై, అంటే ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించే మందులపై, చిల్లర వర్తకులకు దక్కే లాభం 16 శాతం. ఎదురు వీధిలో పెద్ద షాపు బోర్డు మీద 20 శాతం తగ్గింపు. అరువు లేకుండా ఈ పోటీలో నిలబడటం ఎంత కష్టమో ఆడపిల్లలకు వ్యాపారం మీద ఆసక్తి ఉందా అని సర్వేలు చేసేవారు లెక్కలోకి తీసుకోరు.

చవక జనరిక్ మందులమ్మే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జన ఔషధి కేంద్రం పెట్టే మహిళలకు ఫర్నిచరు, కంప్యూటర్ల కోసం 2 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఉంది. మంచిదే, కానీ నేనెరిగిన చోట్ల దానికి భర్తలే భార్యల పేరిట దరఖాస్తు పెట్టి, కౌంటరులో తామే కూర్చుంటున్నారు. నన్నడిగితే, బీరువాలకిచ్చే ఆ డబ్బుకన్నా ముందు హోల్‌సేలరు అరువుకు బ్యాంకు హామీ ఇప్పించాలి.