పార్సిల్ పెట్టెలో కునికే పిల్లలు

ప్రశ్న: పార్సిల్‌లో ఒకరోజు వయసు కోడిపిల్లలు 25 తెప్పించుకున్నాం. రావడం ఒక రోజు ఆలస్యమైంది. పెట్టె తెరిచేసరికి రెండు చనిపోయి ఉన్నాయి. నాలుగు తల వేలాడేసి కునుకుతున్నాయి. ఒకదానికి తోక కింద రెట్ట గట్టిగా అతుక్కుపోయింది. మావారు యాంటీబయాటిక్ వేద్దామంటారు, మా అత్తయ్య బతికేవి బతుకుతాయి వదిలెయ్యమంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, పత్రిక మీ చేతికి వచ్చేసరికి మీ పిల్లలకు రెక్కల్లో ఈకలు మొలిచేస్తాయి కాబట్టి మీకు ఫోన్‌లోనే చెప్పేశాను. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ యాంటీబయాటిక్ సీసా తీసి అలమరాలో పెట్టమనండి మీవారిని. ప్రయాణం చేసొచ్చిన పిల్ల కునుకుతోందంటే చాలాసార్లు అది రోగం కాదు. చలి, దాహం, అలసట. అలాగని మీ అత్తయ్యగారన్నట్టు వదిలేస్తే బతకాల్సినవి కూడా పోతాయి.

గుడ్డు పగలగొట్టుకుని వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆ సద్దిమూటతో రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకుండా నెట్టుకురాగలదు. తల్లికోడి కింద ముందు పుట్టిన పిల్లలు చివరి గుడ్డు పగిలేదాకా ఆకలికి ఆగేది కూడా దాని వల్లే. అమెరికా తపాలా శాఖ 1918 నుంచే ఒకరోజు పిల్లల్ని పార్సిల్‌గా చేరవేస్తోందంటే, ఆ పచ్చసొనను నమ్ముకునే. మీ పెట్టె ఒక రోజు ఆలస్యమైంది. అంటే మూట అడుగంటిందన్నమాట.

కాబట్టి ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. ఈ వరస తప్పకూడదు. ఒళ్లు చల్లబడిన పిల్లకు మింగే ఓపిక ఉండదు. గొంతు ఎండిన పిల్లకు పొడి దాణా పెడితే తిన్నది లోపల గట్టిపడుతుంది. కునికే పిల్లను తీసుకుని దాని కాళ్లు మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలాయా, పెట్టెలో వెచ్చదనం కోసం పెట్టిన లైటు కిందికి చేర్చండి. మొదటి వారం పిల్లలు నిలబడే చోట, అంటే నేల మీద, 35 డిగ్రీలు ఉండాలి. గోడకు తగిలించిన థర్మామీటర్ చెప్పేది గోడ సంగతే. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. లైటు పెట్టెకు ఒక వైపునే ఉంచండి, వేడి ఎక్కువైతే అవే రెండో వైపుకు జరుగుతాయి. అన్నీ లైటు కింద కుప్పగా పడి గోలగోలగా అరుస్తుంటే చలి. దూరంగా వెళ్లి రెక్కలు చాపి, నోరు తెరిచి ఒగరుస్తుంటే వేడి.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మొదటి రోజు మటుకు లీటరుకు ఒక పెద్ద చెంచా పంచదార కలపండి. ఒక్కో పిల్లనూ పట్టుకుని ముక్కు కొన మాత్రం తడిపితే చాలు, తల ఎత్తి మింగడం దానికి తెలుసు. తాగలేనిదానికి ముక్కు పక్కన ఒక్క చుక్క పెట్టి ఆగండి. మింగాక ఇంకో చుక్క. నేను మొదటిసారి పిల్లల్ని తెప్పించుకున్నప్పుడు, పాపం దాహం కదా అని ఒకదానికి డ్రాపర్ నోట్లో పెట్టి నొక్కేశాను. ముక్కు రంధ్రాల్లోంచి చిన్న బుడగ వచ్చింది. రెండుసార్లు మెడ సాచింది, నా అరచేతిలోనే పోయింది. నీళ్లు గాలి గొట్టంలోకి వెళ్లాయి. అది నలభై గ్రాముల ప్రాణి, దాన్ని చంపింది రోగం కాదు, నా ఆత్రం. అన్నట్టు, నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వెయ్యండి. నీరసంగా ఉన్న పిల్ల అందులోకే తూలి పడి మునిగిపోతుంది.

ఇక తోక కింద రెట్ట. చలి, వేడి, దాహం, ప్రయాణపు బడలిక, దేనివల్లైనా ఇది వస్తుంది. చూడ్డానికి ఎండిన సిమెంటు ముద్దలా ఉంటుంది. దారి మూసుకుపోతే పిల్ల ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది కాబట్టి, ఇది మటుకు రేపు చూద్దాంలే అనుకోవద్దు. దాన్ని పీకకండి. నూగుతో పాటు చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిని రెండు మూడు నిమిషాలు ఆనించి పట్టుకోండి. మెత్తబడ్డాక కొంచెం కొంచెంగా తుడవండి. పిల్ల చెవులు పగిలేలా అరుస్తుంది, కంగారు పడకండి. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి, తడి పిల్లకు మళ్లీ చలి పట్టుకుంటుంది. ఆరాక కాస్త వాజలైన్ రాస్తే మళ్లీ అంత గట్టిగా అతుక్కోదు. వారం రోజులు పొద్దునా సాయంత్రం అన్ని పిల్లల తోకలూ ఎత్తి చూడండి.

ఒక్క జాగ్రత్త. మలద్వారం ఉండేది సరిగ్గా తోక కింద. ఇంకాస్త కిందికి, పొట్ట మీద నల్లటి ఎండు పోగులాంటిది కనిపిస్తే అది బొడ్డు. దాన్ని కూడా మురికే అనుకుని లాగితే పేగు దెబ్బతింటుంది. నేను ఒకసారి లాగబోయి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి ఆగాను.

ఇంత చేసినా తేరుకోనివి ఉంటాయి. పొట్ట ఉబ్బి, బొడ్డు చెమ్మగా ఉండి, దగ్గరికి తీసుకుంటే కుళ్లు వాసన వస్తుంటే అది బొడ్డులో చేరిన ఇన్ఫెక్షన్. అలాంటివి బతకడం అరుదు. వేరు చేసి ఉంచండి. వచ్చిన మూడు నాలుగు రోజుల తర్వాత కూడా పిల్లలు పోతూనే ఉంటే, అప్పుడే చనిపోయినదాన్ని కవర్లో చుట్టి చల్లగా ఉంచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి, గడ్డకడితే పరీక్షకు పనికిరాదు. యాంటీబయాటిక్ కావాలా, ఏది కావాలి అన్నది అప్పుడు ఆయన చెబుతారు. చనిపోయి వచ్చిన రెండింటి సంగతి పంపినవాళ్లకు అదే రోజు ఫొటోతో సహా చెప్పండి.

పిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే, మనకు విరేచనాలు తెప్పించే క్రిమి ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి, ఎంత ఏడ్చినా సరే.

ప్రశ్న: పిల్లలు వచ్చిన రెండో రోజే ఒకదాని కాళ్లు రెండు పక్కలకూ చీలిపోయాయి, లేవలేకపోతోంది. కింద పరిచింది న్యూస్‌పేపరే. పోలియోలాంటిదా?
– మరో పాఠకుడు

జవాబు: కాదు బాబూ. చాలావరకు తప్పు ఆ న్యూస్‌పేపర్‌దే. నున్నటి కాగితం మీద పట్టు దొరక్క కాళ్లు జారి, అలాగే ఉండిపోతాయి. ఇవాళే తీసేసి గరుకు గుడ్డ పరవండి. మెత్తటి బ్యాండేజీ ముక్కతో రెండు కాళ్లనూ మామూలుగా నిలబడేంత ఎడంలో ఉంచి కట్టండి. మరీ బిగించకండి, పాదాలు వాస్తాయి. రోజూ విప్పి చూసి మళ్లీ కట్టండి. ఈ వయసులో కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. వారం దాటిస్తే కష్టం. దాణా, నీళ్లు దాని ముక్కుకు అందేంత దగ్గరలో పెట్టడం మర్చిపోకండి, అది నడిచి వెళ్లలేదు కదా.

ప్రశ్న: అప్పుడప్పుడు గోధుమరంగులో నురగలాంటి రెట్ట, భరించలేని కంపు. రక్త విరేచనాలకు ముందు ఇలాగే ఉంటుందా?
– ఇంకో పాఠకురాలు

జవాబు: లేదమ్మా, అది మామూలే. కోడి పేగు చివర రెండు సంచులుంటాయి, ఎనిమిది పది రెట్టలకోసారి అవి ఖాళీ అవుతాయి. కంపు వాటిదే. నిజంగా రక్తం పడితే అప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇప్పటికైతే కింద పరిచింది మార్చండి చాలు. కంపు పోవాలని పెట్టె పక్క కిటికీ మాత్రం బార్లా తెరవకండి, చలిగాలి నేరుగా పిల్లలకే కొడుతుంది.