మోడల్ పేపర్లు ఎన్ని చేయించాలి? ఇంకా మీరు అడిగినవి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గోల, చిన్న క్లాసుల పిల్లలకి పెట్టే చదవడం రాయడం పరీక్ష. అందరికీ ఒకే పేపరు, ఒకే టైము, మార్కులు వేసే పద్ధతీ ఒకటే, అదీ ఆ పరీక్ష సంగతి. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా, కొంచెం పెద్దవైపోయాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను నాలుగో తరగతికి చెప్తాను. పరీక్షకి ఇంకా ఆరు వారాలుంది. మా హెడ్మాస్టారు రోజుకో మోడల్ పేపర్ చేయించమంటున్నారు. మొదటి వారం మార్కులు బాగా పెరిగాయి, ఆ తర్వాత అక్కడే ఆగిపోయాయి, పైగా పేపర్ చేతికిస్తేనే పిల్లలు మొహాలు ముడుచుకుంటున్నారు. ఏం చేయమంటారు?

మొదటి వారం పెరిగిన మార్కులు చదువు పెరిగి వచ్చినవి కావు మాస్టారూ, పేపర్ అలవాటై వచ్చినవి. బబుల్ ఎక్కడ దిద్దాలి, పేరా ఒక పేజీలో ప్రశ్నలు ఇంకో పేజీలో ఉంటే ఏం చేయాలి, 'కానిది ఏది' అని అడిగినప్పుడు ఎలా చూసుకోవాలి, ఇవన్నీ రెండు మూడు పేపర్లకే వచ్చేస్తాయి. నాలుగో పేపర్ నుంచి మీరు కొలుస్తున్నారు తప్ప నేర్పట్లేదు. వారానికి ఒక్క పేపర్ చాలు, కానీ ఆ మర్నాడు పీరియడ్ మొత్తం తప్పుల మీదే కూర్చోవాలి.

కూర్చోవడం అంటే జవాబులు బోర్డు మీద రాసేయడం కాదు. ఒక్కో తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. మాట చదవలేకపోయాడా, చదివాడు గానీ విషయం తెలీలేదా, విషయం తెలుసు గానీ ప్రశ్న సరిగ్గా చూడలేదా? మూడూ ఒకేలా తప్పే, మందు మాత్రం దేనికదే. మొదటి రకం పిల్లాడికి ఇంకో పది పేపర్లిచ్చినా వాడికి ఒరిగేదేం లేదు, వాడికి కావల్సింది పక్కన కూర్చుని ఒత్తులూ గుణింతాలూ సరిచేసే మనిషి.

ఇంకో పని చేయించి చూడండి, నాకు బాగా పనికొచ్చింది. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఒక చిన్న పేరా ఇచ్చి, ప్రశ్న మీరే తయారుచేయండి, ఒక సరైన జవాబు, మూడు తప్పు జవాబులు పెట్టండి, తప్పు జవాబు చూసి పక్క జంట మోసపోవాలి అని చెప్పండి. ఒకసారి మా క్లాసులో ఒకమ్మాయి 'పేరాలో ఉన్న మాటే పెట్టాలి మేడం, అప్పుడే వాళ్లు పడతారు' అంది. ఆప్షన్లలో ఉండే కిటుకంతా అదే కదా! పేరాలో కనబడిన మాట ఆప్షన్లో కనబడగానే టిక్ పెట్టేసే పిల్లలు క్లాసుకి సగం మంది ఉంటారు. తనే ఒకసారి ఉచ్చు పన్నిన పిల్లకి అవతలివాళ్ల ఉచ్చు కనబడుతుంది.

హెడ్మాస్టారికి చూపించడానికి ఒక లెక్క కూడా ఇస్తా. నాలుగో ఏడు చదివే పిల్లలకి చాలా దేశాల్లో పిర్ల్స్ అని ఒక చదువు పరీక్ష పెడతారు, 2001లో మొదలైంది, అయిదేళ్లకోసారి జరుగుతుంది. అందులో పేరాలో ఉన్నది ఉన్నట్టు వెతికి రాసేవి 20 శాతమే. 30 శాతం ఊహించి చెప్పేవి, ఇంకో 30 శాతం అక్కడో ముక్క ఇక్కడో ముక్క కలిపి అర్థం చెప్పేవి, మిగతా 20 శాతం రాసినాయన ఇలా ఎందుకు రాశాడు, ఇది బాగుందా లేదా అని తూచేవి. మీ పరీక్షలో ఈ లెక్క వేరేగా ఉండొచ్చు, మీ పాత పేపర్ తీసి ఏ రకం ఎన్నున్నాయో మీరే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, అరగంట పని.

ఆఖరుగా ఒక్కటి. పరీక్ష దగ్గర పడింది కదా అని సైన్స్ పీరియడ్, సోషల్ పీరియడ్ కోసేసి రీడింగ్‌కి కలిపేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి. 1988లో రెక్ట్, లెస్లీ అని ఇద్దరు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఒక బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కన్నా ఎక్కువ చెప్పగలిగారు. అంటే పేపర్లో పట్టుపురుగు మీద పేరా వస్తే, పట్టుపురుగు గురించి ఇదివరకే విన్న పిల్ల సగం దూరం ముందుంటుంది. సైన్స్ పీరియడే మీ రీడింగ్ పీరియడ్ అనుకోండి.

ప్రశ్న: మా పాప మూడో క్లాసు. పేజీ ఇస్తే గడగడా చదివేస్తుంది, ఒక్క తప్పుండదు. ఏం చదివావమ్మా అంటే మాత్రం నా మొహం చూస్తుంది. బద్ధకమా? పరీక్షలో ప్రశ్నలకి ఎలా రాస్తుంది?

బద్ధకం కాదమ్మా, అసలు ఆ మాట పాప ముందు అనకండి. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు ఒక తేలికైన మాట చెప్పారు, అక్షరాల్ని మాటలుగా పలకడం ఒకటి, ఆ భాష అర్థం కావడం ఇంకొకటి, చదవడం అంటే ఈ రెండిటి గుణకారం అని. కూడిక కాదు, గుణకారం, ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మీ పాపకి మొదటిది నిండుగా ఉంది. రెండోది సున్నా ఏం కాదు, కానీ గడగడా చదవడమే గొప్ప అని మనమే మెచ్చుకుని మెచ్చుకుని దాని మనసంతా పలకడం మీదే పెట్టేశాం.

ఇవాళే ఒకటి చేసి చూడండి. ఈ నాలుగు వాక్యాలు పాపకివ్వండి.

'వాన పడబోతుందంటే చీమలు గుడ్లు నోట కరుచుకుని గట్టు మీదికి మోసుకుపోతాయి. గట్టు పక్కన వరసగా పోతున్న చీమలకి అడ్డంగా రవి ఒక పుల్ల పెట్టాడు. అవి కాసేపు అటూ ఇటూ తిరిగి, పుల్ల చుట్టూ కొత్త దారి వేసుకున్నాయి. రవి వాటి నోళ్లలో తెల్లగా ఉన్నవి చూసి, పుల్ల తీసేసి, ఇంట్లోకెళ్లి గొడుగు తెచ్చుకున్నాడు.'

మొదట 'రవి అడ్డంగా ఏం పెట్టాడు' అనడగండి, చెప్పేస్తుంది. తర్వాత 'గొడుగెందుకు తెచ్చుకున్నాడు' అనండి. 'వాన పడుతోంది కాబట్టి' అంటుంది చాలామంది పిల్లల్లాగే. అక్కడ ఆగి, పడుతోందా, ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించు అనండి. వెతుకుతుంది, ఉండదు. అప్పుడు ఆ తెల్లగా ఉన్నవేంటి అని మాత్రం అడిగి ఊరుకోండి, మీరు చెప్పేయకండి, ఎంత సేపైనా సరే. గుడ్లు, మొదటి వాక్యం, వాన పడబోతోంది, ఓహ్ అని అదే పట్టుకుంటుంది, ఆ పట్టుకున్న క్షణం మొహంలో కనబడుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఇక 'పుల్ల ఎందుకు తీసేశాడు' అనేదానికి పేరాలో జవాబు రాసి లేదు, జాలేసి అనొచ్చు, అవి తొందరలో ఉన్నాయని తెలిసి అనొచ్చు, ఏదన్నా ఫర్వాలేదు గానీ పేరాలోంచి ఒక ముక్క సాక్ష్యం చూపించాలి.

రోజుకి ఇలాంటిది ఒక్కటి చాలు, పది నిమిషాలు. జవాబు జ్ఞాపకం నుంచి చెప్పకుండా మళ్లీ పేరాలోకి వెళ్లి వేలు పెట్టడం అలవాటు చేయండి, పరీక్షలో పోయే మార్కుల్లో చాలా భాగం వెనక్కి వెళ్లి చూడనందుకే పోతాయి. గట్టిగా చదివేటప్పుడు కొంచెం నిదానించమనండి, మధ్యలో ఆపి 'ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావ్' అనండి. ఇంకా మీరు పైకి చదివి వినిపించడం మానేయకండి. మూడో క్లాసుకొచ్చింది కదా తనే చదువుకుంటుందిలే అని చాలామంది ఆపేస్తారు, కానీ తను సొంతంగా చదవగలిగేదానికన్నా పెద్ద మాటలున్న కథ వినే అవకాశం మీరు చదివితేనే దానికి వస్తుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక చార్ట్ వచ్చింది. మూడో తరగతి పిల్లలు నిమిషానికి 112 పదాలు చదవాలట. మావాడు తెలుగులో అందులో సగం కూడా చదవట్లేదు. కంగారుగా ఉంది.

ఆ చార్ట్ అబద్ధం కాదు సార్, కానీ మీవాడికి సంబంధించింది కాదు. హాస్‌బ్రూక్, టిండల్ అనేవాళ్లు 2017లో ఇచ్చిన అంకెలవి, ఇంగ్లీషు చదివే పిల్లలవి. అందులో 112 అనేది మూడో ఏడు చివర్లో సరిగ్గా మధ్యలో నిలబడే పిల్లాడి అంకె, అంటే ఆ లెక్కలోనే సగం మంది అంతకన్నా తక్కువ చదువుతారు. పైగా తెలుగు మాట వేరు. 'చదవలేకపోతున్నాననుకున్నాడు' అన్నది మనకి ఒక్క పదం, ఇదే ముక్క ఇంగ్లీషులో చెప్పాలంటే అరడజను పదాలు కావాలి. పదాలు లెక్కపెడితే తెలుగు చదివే పిల్లాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు.

కొలవాలనిపిస్తే వాడిని వాడితోనే కొలవండి. ఒకే పేరా సోమవారం చదివించి, మధ్యలో రెండుసార్లు చదివించి, శుక్రవారం మళ్లీ. తడబాట్లు తగ్గాయా, చుక్క దగ్గర ఆగుతున్నాడా, గొంతు కథకి తగ్గట్టు మారుతోందా చూడండి. స్టాప్‌వాచ్ డ్రాయర్లో పెట్టేయండి.

ప్రశ్న: మా బాబు అయిదో క్లాసు. నోటితో అడిగితే గంటసేపు చెప్తాడు, రాయమంటే మూడు లైన్లు రాసి అయిపోయిందంటాడు. రాసే భాగంలో ఎలా గట్టెక్కుతాడు?

నోటితో గంటసేపు చెప్తాడు అన్నారు చూడండి, సగం పని అయిపోయినట్టే. మా క్లాసులో ఇలాంటి పిల్లాడే ఒకడుండేవాడు, 'నువ్వు భయపడిన రోజు గురించి రాయి' అంటే ఇలా రాశాడు. 'నేను ఒకసారి భయపడ్డాను. చాలా భయం వేసింది. తర్వాత భయం పోయింది.' తప్పు ఒక్కటి లేదు, విషయమూ లేదు. పిలిచి అడిగా. ఎక్కడున్నావురా అప్పుడు? మెట్ల మీద. ఒక్కడివేనా? ఆ, కరెంటు పోయింది. మరి ఏమైంది? పైన టప్ టప్ అని చప్పుడు, ఎవరో చెప్పులేసుకుని దిగుతున్నట్టు. ఎవరు? ఎవరూ కాదు మేడం, కుళాయి కింద బకెట్ బోర్లించి ఉంది, దాని మీద చుక్కలు పడుతున్నాయి. ఇదిగో ఇదే రాయి, నాకు చెప్పినట్టే రాయి అన్నా. పదకొండు లైన్లు రాశాడు, మొదటి లైను 'కరెంటు పోయినప్పుడు నేను మెట్ల మీద ఉన్నాను'. భయం అన్న మాట ఒక్కసారీ రాయలేదు, చదివిన నాకు మాత్రం భయం వేసింది!

కాబట్టి మీ బాబుని ముందు చెప్పనివ్వండి, మీరు వింటూ నాలుగు మాటలు మాత్రం కాగితం మీద వేయండి, మెట్లు, కరెంటు, టప్ టప్, బకెట్, అలా. ఆ కాగితం చూసుకుంటూ వాడు రాస్తాడు. వారం తర్వాత ఆ నాలుగు మాటలూ వాడినే వేసుకోమనండి. పరీక్షలో అరగంట ఇస్తే అయిదు నిమిషాలు మాటలు వేసుకోవడానికి, ఇరవై రాయడానికి, అయిదు చదువుకోవడానికి. ఆ చివరి అయిదు నిమిషాలు చాలామంది పిల్లలు కిటికీలోంచి చూస్తూ గడిపేస్తారు. తను రాసింది పెదాలు కదుపుతూ వేలు పెట్టి చదువుకోమనండి, ఎగిరిపోయిన మాటలు, పెట్టని దీర్ఘాలు అప్పుడే దొరుకుతాయి.

దిద్దేటప్పుడు పేజీ అంతా ఎర్ర ఇంకు పూయకండి. రాతకి మార్కులు వేసేటప్పుడు సాధారణంగా విషయం, దాన్ని అమర్చిన తీరు, భాష, స్పెల్లింగ్ విడివిడిగా చూస్తారు. ఇంట్లో మనం మాత్రం మొత్తం స్పెల్లింగ్ మీదే పడతాం. ఈ వారం అమరిక ఒక్కటే, వచ్చే వారం ళ, ల తేడా ఒక్కటే, అలా పట్టుకోండి. ఇంకో సంగతి, పేరా చదివి జవాబు రాయమనే రెండు మార్కుల ప్రశ్నకి రెండు ముక్కలుండాలి, జవాబు ఒకటి, పేరాలోంచి దానికి ఆధారం ఒకటి. 'ఎందుకంటే' అన్న మాట దగ్గర పెన్ను ఆగకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: తెలియని ప్రశ్న వదిలేయమనాలా, ఏదో ఒకటి పెట్టమనాలా?

తప్పుకి మార్కు కోస్తారా లేదా అని ముందే కనుక్కోండి. కోయకపోతే ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు, కచ్చితంగా కానివి రెండు కొట్టేసి మిగతా రెండిట్లో ఒకటి పెట్టమనండి. కోస్తారంటే మాత్రం, రెండు కొట్టేయగలిగినప్పుడే పెట్టమనండి.

ప్రశ్న: పరీక్ష అంటే చాలు, పొద్దున్నే మా అమ్మాయికి కడుపునొప్పి. నిజమైన నొప్పా, నాటకమా?

నొప్పి నిజమే తల్లీ, భయానికీ కడుపు నొప్పెడుతుంది. మామూలు రోజుల్లో కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించండి. పరీక్ష రోజుల్లోనే వస్తుంటే ముందు ఇంట్లో ఆ పరీక్ష పేరు ఎన్నిసార్లు వినబడుతోందో లెక్కపెట్టండి. ముందు రోజు పుస్తకం తీయకండి, రెండు పెన్సిళ్లు చెక్కి, రబ్బరు డబ్బాలో పెట్టి, వేళకి పడుకోబెట్టండి. ఇంటికొచ్చాక 'ఎన్ని తప్పులు' అనడగకండి, 'పేపర్లో కథ దేని గురించి వచ్చింది' అనండి. చెప్పడం మొదలుపెట్టిందంటే కూర్చుని వినండి.