పాఠకుల ప్రశ్నలు: పోర్చుగల్ చర్చిలు, సముద్ర తీరాలు

ప్రశ్న: మా అబ్బాయి లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మేమిద్దరం ఎనిమిది రోజులు అక్కడ ఉంటాము. పాత చర్చిలు, సముద్ర తీరాలు చూడాలని మా కోరిక. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఏ ఊళ్లు చూడమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, దక్షిణాన అల్గార్వ్ నుంచి ఉత్తరాన బ్రాగా దాకా అన్నీ చూడాలని పెట్టుకోకండి. లిస్బన్‌కు మూడు రోజులు, నజరేకు రెండు, పోర్టోకు మూడు కేటాయించుకుంటే ప్రయాణం సుఖంగా సాగుతుంది. అల్గార్వ్‌లోని లాగోస్ ఊరి దగ్గర పొంతా ద పియెదాదె అనే చోట పసుపుపచ్చని కొండరాళ్లు కమానులుగా, గుహలుగా చీలి సముద్రంలో నిలిచి ఉంటాయి. అవి చాలా అందమైనవే అయినా దిగి చూడడానికి మెట్లు ఎక్కువ కనుక ఈసారికి వాటిని విడిచిపెట్టమనే నా సలహా.

లిస్బన్‌లో మొదట చూడవలసినది బెలేం ప్రాంతంలోని జెరోనిముష్ మఠం. వాస్కో డ గామా 1497లో మన దేశానికి బయలుదేరే ముందు ప్రార్థన చేసిన చిన్న మందిరం ఉన్న చోటనే, మానుయెల్ రాజు 1501లో దీని నిర్మాణం ప్రారంభింపజేశాడు. నిర్మాణానికి కావలసిన ధనంలో పెద్ద భాగం ఆఫ్రికా, తూర్పు దేశాల వర్తకం మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. అంటే ఆ రాతి నగిషీలలో మలబారు మిరియాల సొమ్ము కూడా ఉన్నదన్నమాట. ఓడ తాళ్లు, ముడులు, సముద్రపు మొక్కలు రాతిలో చెక్కిన ఆ పనితనాన్ని తీరిక చేసుకుని దగ్గరగా చూడండి. గామా 1524లో కొచ్చిలో మరణించగా మొదట అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనే సమాధి చేశారు; తరువాత అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. ఇప్పుడు ఆయన సమాధి ఈ మఠపు చర్చిలోనే ఉంది. దాని ముందు నిలిచినప్పుడు, 1502లో మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా ఆయన తగులబెట్టించిన సంగతిని కూడా మనం మరచిపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. మఠానికి సోమవారం సెలవు కనుక ఆ రోజు అటు వెళ్లకండి. అక్కడికి కొద్ది దూరంలో తేజో నది ఒడ్డున ఉన్న బెలేం బురుజును బయట నుంచి చూస్తే చాలును. లోపల ఇరుకైన మెట్లున్నాయి.

పోర్టోలో సావ్ బెంతో రైల్వే స్టేషన్ ఆవరణలో కూర్చుని చూస్తే చాలు, గోడల మీద సుమారు 20,000 నీలి పలకలతో కూర్చిన చరిత్ర చిత్రాలు కళ్లెదుట నిలుస్తాయి. సావ్ ఫ్రాన్సిస్కో చర్చి బయటికి మామూలు రాతి కట్టడంలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం స్తంభాలు, పైకప్పు, పీఠాలు అన్నీ బంగారు రేకు తాపిన చెక్క నగిషీతో నిండి ఉంటాయి. ఆ తరువాత స్థానిక రైలులో మిరమార్ దాకా వెళ్లండి. అక్కడ ఇసుక ఒడ్డున ఒక బండ మీద, 17వ శతాబ్దంలో కట్టిన ఆరు మూలల చిన్న మందిరం ఉంది. దాని పేరు సెన్యోర్ ద పెద్ర. వాకిలి ఊరివైపుకు, వీపు సముద్రానికి ఉండేలా కట్టారు. పోటు వేళ అలలు ఆ బండను చుట్టుకుంటాయి. నన్నడిగితే పోర్టో చుట్టుపక్కల ఒక్కటే చూసే వీలున్నవారు ఈ మందిరాన్నే చూడాలి.

ప్రశ్న: నజరేలో కొండంత కెరటాలు వస్తాయని మా పిల్లలు ఫోనులో వీడియోలు చూపిస్తున్నారు. మేము తరతరాలుగా సముద్రం మీద బతుకుతున్నవాళ్లం. తుపాను లేని రోజున కూడా అంత ఎత్తు కెరటం ఎలా లేస్తుంది? అక్కడి వాళ్లు కూడా మనలాగే చేపలు పట్టేవారేనా?
— మత్స్యకార కుటుంబానికి చెందిన పాఠకురాలు, కళింగపట్నం

జవాబు: తప్పకుండా మనలాంటివారేనమ్మా. ముందు కెరటం సంగతి చెబుతాను. నజరే ఒడ్డుకు ఆనుకుని సముద్రం అడుగున సుమారు 230 కిలోమీటర్ల పొడవైన లోయ ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ అది దాదాపు 5,000 మీటర్ల లోతుకు చేరుతుంది. అట్లాంటిక్‌లో ఎక్కడో దూరాన చెలరేగిన శీతకాలపు తుపాను నుంచి బయలుదేరిన కెరటం, ఒడ్డున గాలి లేని రోజున కూడా ఇక్కడికి చేరుతుంది. మెరక మీదుగా వచ్చే భాగానికి అడుగు తగిలి వేగం తగ్గుతుంది. లోయ మీదుగా వచ్చే భాగానికి అడుగు తగలదు కనుక అది అదే వేగంతో దూసుకువస్తుంది. ఈ తేడా వల్ల కెరటం వంగి, రెండు భాగాలూ ఉత్తరపు ఒడ్డు ఎదుట ఒకదాని మీద ఒకటి కలిసి లేస్తాయి. తీరం వెంట ఎదురుగా వచ్చే ప్రవాహం ఆ ఎత్తును ఇంకా పెంచుతుంది. 2020 అక్టోబరులో జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టౌట్నర్ అక్కడ 86 అడుగుల కెరటం మీద సర్ఫింగ్ పలకతో స్వారీ చేశాడు. ఈ కెరటాల కాలం అక్టోబరు నుంచి మార్చి వరకు; మే నెలలో వెళ్లే టెక్కలి మాస్టారికి అవి కనిపించకపోవచ్చు.

ఊరు రెండు అంతస్తులుగా ఉంటుంది. కింద ఇసుక తీరం. పైన సుమారు 110 మీటర్ల ఎత్తు కొండకొన మీద సీతియు అనే పాత పేట. పైకి నడవలేనివారికి 1889 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులర్ అనే వాలు రైలు ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది పెద్ద ఊరట. 1182లో ఒక పొగమంచు ఉదయాన జింకను తరుముతూ వచ్చిన దోం ఫువాష్ అనే ప్రభువు గుర్రం కొండ అంచుకు వచ్చేసిందనీ, ఆయన మేరీమాతను తలచుకోగానే అది అంచున ఆగిపోయిందనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఆ చోట కట్టిన బుల్లి మందిరం ఇప్పటికీ ఉంది. దానికి ఎదుట ఉన్న పెద్ద చర్చిలో నజరే మాత కొయ్య విగ్రహానికి మొక్కుకుంటారు. గోడలకు తాపిన నీలి పలకలలో కొన్ని డచ్చి దేశం నుంచి తెప్పించినవి. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులను చూసినవారికి ఈ మాట ఆసక్తి కలిగిస్తుందని చెబుతున్నాను.

కింది తీరంలో కర్రచట్రాలకు వల బిగించి, చీల్చి శుభ్రం చేసిన చేపలను పరచి ఎండబెడతారు. ఏడు పొరల లంగాలు కట్టుకున్న పెద్ద వయసు స్త్రీలు ఆ ఎండుచేపలను అక్కడే అమ్ముతారు. నేను వెళ్లినప్పుడు ఆ వాసనకు భావనపాడు ఒడ్డున నిలబడినట్లే అనిపించి, చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

ప్రశ్న: లిస్బన్ నడిబొడ్డున పైకప్పు లేని చర్చి ఫోటో చూశాను. దానిని ఎందుకు బాగుచేయలేదు?
— డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు చూసినది కార్మో మఠం. 1755 నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగ. జనం చర్చిలలో నిండి ఉండగా ఉదయం పెద్ద భూకంపం వచ్చింది. తరువాత సముద్రం నగరం మీదికి పొంగింది. పడిపోయిన కొవ్వొత్తుల నుంచి, పొయ్యిల నుంచి లేచిన మంటలు నగరాన్ని రోజుల తరబడి కాల్చాయి. అప్పుడు కూలిన ఈ మఠపు చర్చిని తిరిగి కట్టే పని మొదలైనా పూర్తికాలేదు. తరువాతి కాలంలో ఆ కమానులను ఆకాశం కింద అలాగే ఉంచి, పురావస్తు ప్రదర్శనశాలగా మార్చారు. అలా ఉంచడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ప్రశ్న: అక్కడ సముద్ర స్నానం చేయవచ్చా? చర్చిలోకి చెప్పులతో వెళ్లవచ్చా?
— పాఠకుడు, బొబ్బిలి

జవాబు: నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి, కాపలాదారులు ఎర్ర జెండా కట్టిన రోజున నీటిలో దిగరాదు. చర్చిలోకి చెప్పులతోనే వెళతారు. టోపీ మాత్రం మగవారు తీయాలి, భుజాలు కప్పుకోవడం మర్యాద. ప్రార్థన జరుగుతుంటే ఫోటోలు తీయకుండా వెనుక బల్ల మీద కూర్చోండి. పూజ చేయించే ఆయనను అక్కడ ‘పాద్రె’ అంటారు. మన ‘పాదిరి’ ఆ మాటే. బొత్తాము, మేస్త్రి, అల్మారా కూడా అక్కడి నుంచి వచ్చినవే.