529 నుంచి అద్దె కట్టారు సరే, బ్యాంకులో ఎంతుంది?

ఈ ఉత్తరం డల్లాస్ పక్కన ఒక సబర్బ్ నుంచి వచ్చింది. రాసినాయనకు 49 ఏళ్లు, హెచ్-1బీ మీద ఉన్నారు, ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ క్యూ మాత్రం కదలడం లేదు. ఆవిడ హెచ్-4 ఈఏడీతో (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) ఉద్యోగం చేస్తున్నారు. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 2,10,000 డాలర్లు. ఇక్కడే పుట్టిన బాబు స్టేట్ యూనివర్సిటీలో సెకండియర్, క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాడు. పాప తొమ్మిదో తరగతి. బాబు పేరున ఉన్న 529 (పిల్లల చదువు కోసం దాచుకునే ఖాతా, చదువు ఖర్చుకు తీస్తే లాభం మీద ట్యాక్స్ ఉండదు) నుంచి 2025లో ఇప్పటిదాకా 39,000 డాలర్లు తీసి తన చెకింగ్ అకౌంట్‌లో వేసుకున్నారు, అందులో చివరి 9,000 అక్టోబర్ 20న. ఇంకా 79,000 మిగిలింది. ఆయన అడిగినవి మూడు. చదువుకునే పిల్లాడి ఖర్చులే కదా, మొత్తం ట్యాక్స్ ఫ్రీయేనా? 1099-క్యూ (529 నుంచి తీసిన డబ్బు లెక్క చూపే ఫారం) నా పేరున వస్తే చూపించాలా? ఎక్కువ తీసుంటే 60 రోజుల్లో వెనక్కి పెట్టొచ్చని ఫ్రెండ్ అన్నాడు, దానికోసం మా ఊరివాళ్లతో వేస్తున్న 25,000 చీటీ ఈ నెల పాడేయనా?

ఉత్తరం చివర్లో, ఎవరూ అడక్కుండానే, ఇంకో ముక్క రాశారు: "సేవింగ్స్‌లో 6,000 ఉంది, దాన్ని ముట్టుకోం." ఆ ముక్క చూశాకే దీనికి జవాబు రాయాలనిపించింది. దాని దగ్గరికి వస్తాను, ముందు అడిగినవి చూద్దాం.

సార్, మీరు పంపిన ఎక్సెల్ షీట్ ముచ్చటగా ఉంది, వరసలకు రంగులు కూడా వేశారు. ట్యూషన్, ఫీజులు 11,600. ల్యాప్‌టాప్, పుస్తకాలు 1,900. అద్దె నెలకు 1,250 చొప్పున 15,000. ఇండియన్ స్టోర్, కాస్ట్‌కో, బయటి తిండి కలిపి 4,800. కరెంటు, నీళ్లు 600, ఇంటర్నెట్ 600. ఆ కింద కారు ఇన్సూరెన్స్ 2,400, ఫోన్ 600, డిసెంబర్‌లో హైదరాబాద్ టికెట్ 1,500. మొత్తం సరిగ్గా 39,000. అన్నింటికీ పచ్చరంగే వేసి పైన "లివింగ్" అని పెట్టారు. చాలామంది చేసే తప్పు ఇదే. పిల్లాడు బతకడానికి అయ్యే ఖర్చంతా 529 ఖర్చు అనుకుంటారు. చట్టం చూసేది ఇల్లు, తిండి మాత్రమే, దానికీ ఒక హద్దు పెట్టింది.

కారు ఇన్సూరెన్స్, ఫోన్, టికెట్ ముందే పక్కన పెట్టేయండి, వాటి గురించి వాదన లేదు. అమ్మమ్మను చూడ్డానికి వెళ్లాడని ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ కరగదు. అద్దె, తిండి, కరెంటు మాత్రం చెల్లుతాయి, బాబు కనీసం హాఫ్-టైమ్ చదువుతుంటే చాలు. క్యాంపస్ బయట ఉండేవాళ్లకు హద్దు ఏంటంటే, కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ప్రతి ఏడాదీ వేసే కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ (ఏడాది చదువుకు మొత్తం ఎంతవుతుందన్న అంచనా) లెక్కలో "ఆఫ్ క్యాంపస్, హౌసింగ్ అండ్ ఫుడ్" దగ్గర ఎంత రాశారో అంతే, మీరు నిజంగా ఎంత పెట్టినా సరే. యూనివర్సిటీ వాళ్ల సొంత డార్మ్‌లో ఉంటే, బిల్లు ఆ అంకె కంటే ఎక్కువైనా అసలు బిల్లే ఒప్పుకుంటారు. ఇంట్లోంచి వెళ్లొచ్చే పిల్లలకు వేరే అంకె ఉంటుంది, అది బాగా తక్కువ. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో మీ కాలేజీ వేసింది రెండు సెమిస్టర్లకు 14,200. మీరు పెట్టింది 20,400. ఇంటర్నెట్‌ని ఇందులో కలపలేదు, ఎందుకంటే 2015 చట్టం తర్వాత కంప్యూటర్, ఇంటర్నెట్ వేరే పద్దు. రూమ్మేట్లతో పంచుకుంటే బాబు వాటా మాత్రమే రాయండి.

ఇంకొకటి గమనించండి. లీజు పన్నెండు నెలలు, క్లాసులు తొమ్మిది నెలలు. వేసవిలో కోర్సేమీ తీసుకోకుండా గది ఖాళీగా పెట్టి కట్టిన అద్దె చెల్లదు. మీ విషయంలో ఎలాగూ హద్దు దాటిపోయారు కాబట్టి దానివల్ల కొత్త నష్టం లేదు.

కాబట్టి చెల్లేది 11,600, 1,900, 600, 14,200 కలిపి 28,300. మిగతా 10,700 చెల్లదు. అయ్యో, పదివేల మీద పెనాల్టీయా అని టెన్షన్ పడకండి. మీరు వేసిన అసలు మీద ఏమీ పడదు, దాని వాటాకు వచ్చే లాభం మీదే పడుతుంది. మీ స్టేట్‌మెంట్ ప్రకారం ఖాతాలో లాభం 40 శాతం, అంటే 10,700లో 4,280. దాని మీద మీ 22 శాతం శ్లాబు ప్రకారం 942, పైన పెనాల్టీ 10 శాతం అంటే 428, మొత్తం దాదాపు 1,370 డాలర్లు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, బతికిపోయారు. ఇదే కాలిఫోర్నియాలో అయితే స్టేట్ ట్యాక్స్‌తో పాటు ఇంకో 2.5 శాతం వాళ్ల పెనాల్టీ ఉండేది.

చూపించాలా అంటే, చూపించాల్సిందే. డబ్బు మీ అకౌంట్‌లోకి వచ్చింది కాబట్టి 1099-క్యూ మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద వస్తుంది, దాని కాపీ ఐఆర్ఎస్ దగ్గరా ఉంటుంది. ఆ 4,280 షెడ్యూల్ 1లో ఇతర ఆదాయం కింద, 10 శాతం సంగతి 5329 ఫారంలో. అదే డబ్బు బాబు అకౌంట్‌లోకి నేరుగా తీసుంటే ఆదాయం వాడి పేరున పడేది. కిడ్డీ ట్యాక్స్ (పిల్లల ఆదాయానికి తల్లిదండ్రుల రేటు వేసే నియమం) ఉన్నా, 2025 లెక్కలో 2,700 దాటిన భాగానికే మీ రేటు వర్తిస్తుంది, వాడికి ఇంకే ఆదాయం లేకపోతే మొత్తం 910 దగ్గర ఆగేది. కేవలం ఏ అకౌంట్‌లో వేయాలన్న దానికి 460 డాలర్ల తేడా. జనవరి నుంచి బాబు పేరుకే తీయండి, ఏ ఏడాది ఖర్చు ఆ ఏడాదిలోనే తీయండి, కాలేజీ వాళ్ల ఆ పేజీని ప్రతి ఆగస్టులో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత అంకె మార్చేస్తారు, పాతది వెతికితే దొరకదు.

ఇక చీటీ.

మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. తీసిన 60 రోజుల్లోపు రోల్‌ఓవర్ (ఇంకో 529లోకి మార్చడం) చేయొచ్చు, కానీ అదే ఖాతాలో వెనక్కి పోసేయడం కుదరదు. ఇంకో రాష్ట్రం ప్లాన్‌లో బాబు పేరున వేయాలి, అదీ పన్నెండు నెలల్లో ఒక్కసారే, లేదా పాప పేరున 529 తెరిచి అందులో వేయాలి. అక్టోబర్ 20న తీసిన 9,000కు గడువు డిసెంబర్ 19. సరే, వేశారనుకుందాం, మిగిలేది ఎంత? 9,000లో లాభం 3,600, దాని మీద ట్యాక్స్ 22, పెనాల్టీ 10 కలిపి 32 శాతం, అంటే 1,152 డాలర్లు. దానికోసం మీరు 25,000 చీటీని 3,500 తోసి పాడతానంటున్నారు. ఇంకా పద్నాలుగు నెలలు నెలకు వెయ్యి కడుతూనే ఉండాలి. 1,152 మిగుల్చుకోవడానికి 3,500 పోగొట్టుకునే లెక్క ఎవరు చెప్పారండీ మీకు? పాటలో పోయినదాంట్లో కొంత డివిడెండ్‌గా వచ్చిందని అంటారు, తెలుసు, అది అందరికీ వచ్చేదే, మీరు పాడినందుకు ప్రత్యేకంగా వచ్చేది కాదు. పైగా ఆ చీటీకి కాగితం ఉందా? నెలనెలా జెల్‌లో (ఫోన్‌లోంచి బ్యాంకుకు) డబ్బు పంపడం, వాట్సాప్ గ్రూపులో బొటనవేలు పెట్టడం, అంతేగా. నడిపే ఆయన మంచివాడే కావచ్చు, ఆయన ఉద్యోగం పోయి ఇండియా ఫ్లైట్ ఎక్కితే ఏ కోర్టుకు వెళ్తారు?

హెలాక్ తీసుకుని సర్దుతానని కూడా ఒక లైను రాశారు. ఇల్లు తాకట్టు పెట్టి, వడ్డీ ఎప్పుడు ఎంత మారుతుందో తెలియని అప్పు తెచ్చి, పెనాల్టీ తప్పించుకోవడమా? వద్దు. 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) లోన్ అసలే వద్దు. ఉద్యోగం పోతే మరుసటి ఏడాది ట్యాక్స్ గడువులోపు ఆ బాకీ తీర్చాలి, లేకపోతే డబ్బు తీసేసుకున్నట్టే లెక్కగట్టి ట్యాక్స్, మళ్లీ 10 శాతం. ఒక పెనాల్టీకి భయపడి ఇంకో పెనాల్టీకి పునాది వేసుకోవడం.

60 రోజులు అంటే మీకు రోల్‌ఓవర్ గుర్తొచ్చింది. నాకు హెచ్-1బీ 60 రోజులు గుర్తొచ్చాయి. ఉద్యోగం పోయిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) గడువు ముందే అయిపోతే అంతవరకే. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. ఆవిడ ఈఏడీ కూడా మీ హెచ్-1బీకి ముడిపడి ఉన్నదే. అంటే మీ ఇంట్లో జీతాలు రెండు, వాటికి ఆధారం మాత్రం ఒక్కటే. మీ నెల ఖర్చు మార్ట్‌గేజ్‌తో కలిపి 7,200 అని రాశారు. బ్యాంకులో 6,000. ఒక్క నెలకు కూడా రాదు!

2023 జనవరి లేఆఫ్‌లప్పుడు ఒకాయన నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. 529లో ఎనభై వేలకు పైన ఉంది, 401కె నిండుగా ఉంది, చెకింగ్‌లో పదకొండు వందలు. మార్ట్‌గేజ్ ఒకటో తారీఖున. మాట్లాడుతూనే 529 యాప్ తెరిచి విత్‌డ్రా బటన్ మీద వేలు పెట్టుకుని "నొక్కేదా?" అన్నారు. వేరే దారి లేక నొక్కమన్నాను. పన్నెండేళ్లు నెలనెలా వేసిన డబ్బు, కూతురి ఫీజుకు బదులు ఇంటి కిస్తీకి, దాని మీద పెనాల్టీతో సహా పోయింది. ఆయన పొదుపు చేయనివాడు కాదు, మీలాగే బాగా చేసినవాడు, అంతా తాళం వేసిన పెట్టెల్లో చేశాడు. మనవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. పిల్లల చదువు అనగానే ఎంతైనా వేస్తాం, ఊరికే బ్యాంకులో పడి ఉండే డబ్బంటే మాత్రం చిన్నచూపు.

అందుకని మీరు చేయాల్సింది ఇదీ. ఆ 1,370 కట్టేయండి, ఏప్రిల్‌లోపు జీతంలోంచి సర్దుకోవచ్చు. నెలకు 529లో వేస్తున్న 800 ఈ నెల నుంచే ఆపండి. బాబుకు మిగిలినవి అయిదు సెమిస్టర్లు, చెల్లే ఖర్చు సెమిస్టర్‌కు 14,150 చొప్పున 70,750, ఖాతాలో 79,000 ఉంది. ఫీజు కొంచెం పెరిగినా సరిపోతుంది, ఇంకా ఎందుకు పోస్తున్నారు? ఆ 800 హై-యీల్డ్ సేవింగ్స్‌లోకి. చీటీ పాడకుండా చివరిదాకా ఉండండి, కొత్త చీటీలో చేరొద్దు, అది అయ్యాక ఆ వెయ్యి కూడా అక్కడికే. ఆవిడకు డిసెంబర్‌లో వస్తుందన్న 5,000 బోనస్ కూడా అక్కడికే. ఆ బోనస్‌తో స్ప్రింగ్ ఫీజు 5,800 డిసెంబర్ 31లోపు జేబులోంచి కట్టేస్తే ఈ ఏడాది ఖర్చు పెరిగి ట్యాక్స్ 740 దాకా తగ్గుతుంది కదా అని మీ సీపీఏ చెప్పొచ్చు, లెక్క తప్పేమీ కాదు, నాకూ ఆ 740 వదులుకోమని చెప్పడానికి మనసొప్పడం లేదు. అయినా వద్దంటాను. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్నవాడు ఆడుకోవాల్సిన ఆట అది. మీకు ఆరు నెలలంటే 43,200, వీసా మీద ఉన్నారు కాబట్టి నేనైతే ఎనిమిది నెలలు, 57,600 అంటాను. ఉద్యోగం పోయాక కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించడం) మీద హెల్త్ ఇన్సూరెన్స్ నలుగురికీ కలిపి నెలకు రెండు వేలు దాటడం మామూలే, అది మీ 7,200లో లేదు.

టర్మ్ ఇన్సూరెన్స్ కంపెనీది ఉందన్నారు, అది ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. బాబు అమెరికా పౌరుడు కాబట్టి ఫాఫ్సా (ఫెడరల్ సాయానికి పెట్టే దరఖాస్తు) నింపితే వాడి పేరున చిన్న ఫెడరల్ లోన్ దొరుకుతుంది, తల్లిదండ్రుల పేరున ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ మీ వీసా మీద రాదు, దాని గురించి వెతక్కండి. కాలేజీ ఖర్చుకు ట్యాక్స్ తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ మీ ఆదాయానికి అందదు. 529లో చివరికి ఏమైనా మిగిలితే పాప పేరుకు మార్చేయండి, రాత్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ ఖాతా)లోకి మార్చే సంగతి అప్పుడు చూద్దాం. పిల్లాడి వైపు నుంచి ఒక్క పని, వచ్చే ఆగస్టు లీజులో ఇంకో రూమ్మేట్‌ని చేర్చుకుని అద్దె 900 దగ్గరికి తెమ్మనండి, హద్దు దాటే ఖర్చు అక్కడే చాలావరకు తగ్గుతుంది. కారు ఇన్సూరెన్స్, టికెట్ మీ జీతంలోంచే.

ఫిబ్రవరిలో ట్యాక్స్ వేసేముందు 1099-క్యూ తెరిచి రెండో బాక్స్ చూడండి, 15,600 దగ్గర ఉండాలి. వేరే అంకె ఉంటే పైన వేసిన లెక్క మారుతుంది, ఫారం ఫొటోలో మీ నంబర్లు చెరిపేసి నాకు పంపండి.