రెస్టారెంట్ స్టైల్ కర్రీ రెండు రకాలుగా వండితే, ఏది బాగుందో పదిమందితో ఎలా తేల్చాలి?

ఏ గిన్నె ఎవరు వండారో ఎవరికీ తెలీకూడదండి, అన్నిటికంటే అదే ముఖ్యం. మా ఒడిశాలోని రాయగడ వైపు వదిన వండిందని తెలిస్తే చాలు, బాలేదని ఒక్కరూ అనరు. అందుకే ఒకేలాంటి స్టీలు గిన్నెల్లో పోసి 372, 815 లాంటి నంబర్లు అంటించండి, ఎ, బి అని పెడితే ఎ యే మంచిదనిపిస్తుంది. రెండూ ఒకే వేడిలో ఉండాలి, చల్లారితే మసాలా వాసన తగ్గిపోతుంది. సగం మందికి ఒకటి ముందు, మిగతావాళ్ళకి రెండోది ముందు ఇవ్వండి. మధ్యలో నీళ్ళు వద్దు, పాలో పెరుగో ఇవ్వండి, ఎందుకంటే మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ అయితే దాన్ని పట్టి లాగేస్తుంది.

కసూరి మేతి (ఎండిన మెంతాకు) వేస్తే తేడా అసలు తెలుస్తోందా అని డౌటుంటే మూడు గిన్నెలు పెట్టి, అందులో రెండింట్లో ఒకటే కూర పోసి, వేరేది ఏదో పట్టుకోమనండి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరికి తగుల్తుంది కాబట్టి పదిమందిలో నలుగురు కరెక్టుగా చెప్తే లెక్క కాదు, ఏడుగురు చెప్తే నమ్మొచ్చు.

మార్కులు మాత్రం కాగితం మీదే, పెద్దాయన ఒకరు "ఉప్పెక్కువైంది" అన్నారంటే ఇక అందరి నాలుకకీ ఉప్పే. ఒడియా మీడియం పిల్లలుంటే ఒడియాలోనే రాయనివ్వండి.